ఇంగ్లీషు ఎవరి కొరకు?

దక్షిణ అండమాన్‌లోని బ్రూక్షాబాద్ నుండి తపాలా శాఖలో పనిచేస్తున్న ఒక సోదరుడు వ్రాసిన జాబు మా ముందున్నది. కవరు మీద తమ చిరునామాలో పోర్ట్ బ్లెయిర్ అని ఒకసారి, దాని క్రిందనే శ్రీవిజయపురం అని మరొకసారి వ్రాశారు. ఆ నగరానికి పేరు మారినది 2024 సెప్టెంబరులో. పాత పేరుతో వచ్చే ఉత్తరాన్నీ, కొత్త పేరుతో వచ్చే ఉత్తరాన్నీ కూడా చేర్చవలసిన మనిషి కనుక ఆయనకు ఆ జాగ్రత్త సహజం.

జాబులోని విషయం మాత్రం నిష్ఠూరమైనది. డిపార్టుమెంటు పరీక్షలు మాతృభాషలో జరగాలని మన సమాఖ్య ఇన్నాళ్ళూ కోరుతూ వచ్చినదనీ, ఇప్పుడేమో శాఖలలో ఇంగ్లీషు తరగతులు పెట్టుకోమని సర్కులరు పంపినదనీ, ఈ రెండింటిలో ఏది మన మాట అనీ ఆయన నిలదీస్తున్నారు. ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు నడుమ తాము ఇప్పటికే అడకత్తెరలో పోకచెక్కలమై ఉన్నామనీ, తీరా తమ సంఘం కూడా ఆఫీసు పక్షమే చేరినదా అనీ వ్రాశారు.

ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. ఇదే సందేహం సికిందరాబాదులోనూ విజయవాడలోనూ ఖరగ్‌పూర్‌లోనూ మన సోదర సోదరీమణులకు కలిగి ఉంటుందని మేము ఎరుగుదుము. వారు జాబు వ్రాయలేదు, ఈయన వ్రాశారు, తేడా అంతే.

మాతృభాష సంగతి మొదట చెప్పుకొందాం. 2019 జూలై 14న పోస్టుమాన్ తదితర ఉద్యోగాలకు జరిగిన పరీక్షలో ప్రాంతీయ భాషలను ప్రక్కకు నెట్టి, ప్రశ్నపత్రాన్ని హిందీ, ఇంగ్లీషులలో మాత్రమే ఇచ్చారు. తమిళనాడు సభ్యులు రాజ్యసభలో పట్టుబట్టారు. జూలై 16న నాటి కమ్యూనికేషన్ల మంత్రి రవిశంకర్ ప్రసాద్ ఆ పరీక్షను రద్దు చేస్తున్నామనీ, తమిళంతో సహా ప్రాంతీయ భాషలన్నింటిలో తిరిగి జరుపుతామనీ సభలో ప్రకటించవలసి వచ్చినది. తమిళ సోదరులు సాధించిన ఆ ఫలితం తెలుగు ఉద్యోగికీ దక్కినది. రోజంతా తెలుగులో పనిచేసే గ్రామీణ డాక్ సేవక్ తన యోగ్యతను మాత్రం పరాయి భాషలో నిరూపించుకోవాలనడం అన్యాయమని నాడు అన్నాము, నేడూ అంటున్నాము. ఈ హక్కులో అంగుళం కూడా వదలబోము.

అయితే ఆ హక్కు మనకు పరీక్ష హాలు గుమ్మం వరకే తోడు వస్తుంది. గుమ్మం అవతల ముప్పది, ముప్పది ఐదేళ్ళ ఉద్యోగమున్నది. అక్కడ మన చేతికి వచ్చే కాగితాలు ఏ భాషలో ఉన్నవో ప్రతివారికీ తెలుసు. నేడు సెలవుకు, పాసుకు పెట్టే దరఖాస్తులు సైతం కంప్యూటరు తెర మీదకు ఎక్కినవి. ఆ తెర మన భాష మాట్లాడడం ఇంకా నేర్వలేదు.

రైల్వేలో పనిచేసేవారు తమ జనరల్ రూల్సు పుస్తకంలో రెండవ అధ్యాయం ఒకసారి తీసి చూడాలి. అవి 1976 నాటి నియమాలు. రైల్వే ఉద్యోగి ప్రతి ఒక్కరూ తన విధులకు సంబంధించిన నియమాలను ఎరిగి ఉండవలెనని అక్కడ ఉన్నది. ఆ నియమాల ప్రతి గాని, వాటి అనువాదం గాని అతనికి ఇచ్చినా సరే, ఇవ్వకపోయినా సరే! అతడు ఎరిగి ఉండేటట్లు చూడవలసిన బాధ్యత యాజమాన్యానిదని కూడా అక్కడే ఉన్నది. కాని ప్రమాదం జరిగిన నాడు ఆ వాక్యంలో మొదటి సగమే జ్ఞాపకం చేస్తారు, రెండవ సగం ఎవరికీ గుర్తుండదు. గుర్తు చేయవలసినవాడు ఆ వాక్యం చదవగలిగి ఉండాలి.

మేము స్వయంగా ఎరిగిన ఒక ఉదంతం చెబుతాము. ఊరు, పేరు అనవసరం. ట్రాకు మీద పనిచేసే ఒక సోదరునికి గ్యాంగు సామానులో ఒకటి లెక్కకు రాలేదని, సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చినది. ఆ సామాను తనకు అప్పగించనే లేదన్నది ఆయన చెప్పదలచుకొన్న మాట. ఆయన ఇంగ్లీషు వచ్చిన ఒక పరిచయస్థుని ఆశ్రయించాడు. ఆ పెద్దమనిషి మర్యాదగా ఉంటుందని తలచి, నా అశ్రద్ధకు విచారిస్తున్నాను, ఈసారికి మన్నించండి అనే అర్థం వచ్చేటట్లు రెండు వాక్యాలు ఇంగ్లీషులో వ్రాసి సంతకం పెట్టించాడు. పెద్దవారి ముందు చేతులు జోడించడం వంటిదే కదా అని మన సోదరుడు అనుకొన్నాడు. విచారణలో ఆ కాగితమే నేరాంగీకారమైనది. అతని అసలు మాట ఫైలులో ఎక్కడా లేదు. తరువాత మన సంఘం అప్పీళ్ళ మీద అప్పీళ్ళు వ్రాసినది. సంతకం చేసిన కాగితాన్ని సంతకం చేయనిదిగా మార్చడం ఎవరి తరం?

ఇటువంటి మాటలు ఇంకా ఉన్నవి. తెలుగులో మనం 'ఉద్యోగం ఊడింది' అని ఒక్క మాటతో ముగిస్తాము. కాని 1968 నాటి రైల్వే క్రమశిక్షణ నియమాలలోనూ, తపాలా ఉద్యోగులకు వర్తించే 1965 నాటి నియమాలలోనూ 'రిమూవల్' వేరు, 'డిస్మిసల్' వేరు. మొదటిది పడినవాడు మళ్ళీ ప్రభుత్వ ఉద్యోగానికి అనర్హుడు కాడు. రెండవది పడినవానికి సాధారణంగా ఆ దారి మూసుకొని పోతుంది. 'సెన్షూర్' అనే మాట వినడానికి మందలింపు వలె మెత్తగా ఉంటుంది. అది శిక్షల పట్టికలో మొట్టమొదటిది, సర్వీసు రికార్డులోకి ఎక్కుతుంది. ఉత్త 'వార్నింగ్' ఆ పట్టికలోనే లేదు. ఇక ఇంక్రిమెంటు ఆపుతూ ఇచ్చే ఆర్డరు చివర 'క్యుములేటివ్ ఎఫెక్ట్' అని రెండు మాటలుంటవి. వాటి ముందు 'వితవుట్' అని ఉంటే, శిక్షా కాలం తీరగానే జీతం తన స్థానానికి తిరిగి వస్తుంది. 'విత్' అని ఉంటే, పోయిన ఇంక్రిమెంటు ఇక ఉద్యోగం ముగిసేవరకు తిరిగి రాదు. ఆ లోటు పింఛను లెక్కలోకి కూడా వెంట వస్తుంది. ఒక్క చిన్న మాట తేడాకు ఒక కుటుంబం జీవితకాలం పాటు చెల్లించే మూల్యమది. ఆర్డరు అందుకొన్న రోజే ఆ మాటను గుర్తించినవాడు గడువులోగా అప్పీలు చేసుకొంటాడు. జీతం తగ్గిన తరువాత తెలిసికొన్నవాడు గడువు దాటిన కారణాలు వ్రాసుకొంటూ కూర్చుంటాడు, అదీ ఇంగ్లీషులోనే.

తెలుగులో ఎందుకు వ్రాయరాదు అని అడిగే హక్కు మనకు లేకపోలేదు. రాజ్యాంగం 350వ అధికరణ, కష్టం చెప్పుకొనే విజ్ఞప్తిని కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా సమర్పించుకోవచ్చునని ప్రతి వ్యక్తికీ హామీ ఇచ్చినది. కాని కేంద్ర ఉద్యోగి తన దరఖాస్తును, అప్పీలును హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఇవ్వవచ్చునని మాత్రమే 1976 నాటి అధికార భాషా నియమాలు అంటున్నవి. అదే ఏడవ నియమం క్రింద, తన సర్వీసుకు సంబంధించిన ఆర్డరు, చివరకు చార్జిషీటు కూడా, ఆ రెండు భాషలలో తాను కోరిన దానిలో ఇమ్మని అడిగే హక్కు ఉద్యోగికి ఉన్నది. తెలుగువాడికి ఈ నియమం ఇచ్చినదేమిటి? రెండు పరాయి వాకిళ్ళలో ఏదో ఒకటి ఎంచుకొనే స్వేచ్ఛ. ఇది మారాలి, అందుకు పోరాడుతాము. మారేవరకు మన సోదరుడు ఏ వాకిట నిలిచి మాట్లాడాలన్నది మరొక ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలను కలిపివేయడం వలననే బ్రూక్షాబాద్ సోదరునికి మన మాటలో వైరుధ్యం కనిపించినది. తెలుగు కోసం అడిగేది ప్రభుత్వాన్ని. ఇంగ్లీషు కోసం అడుగుతున్నది మనలను మనమే.

మాటల అర్థం ఎంత దూరం పోతుందో తపాలా సోదరులకు వేరే చెప్పనక్కర లేదు. నేటి గ్రామీణ డాక్ సేవకులను పూర్వం 'ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్' ఏజెంట్లు అనేవారు. అనగా శాఖకు వెలుపలి వారు. శాఖ సంచీ మోసేవాడు శాఖకు వెలుపలివాడు ఎట్లా అయినాడన్న ప్రశ్న సుప్రీంకోర్టు వరకు పోయినది. పి.కె. రాజమ్మ కేసులో 1977 ఏప్రిల్‌లో వచ్చిన తీర్పు, వారు ఉన్నది 'సివిల్ పోస్టు'లోనేననీ, 311వ అధికరణ రక్షణ వారికీ వర్తిస్తుందనీ తేల్చినది. వేలాది మంది బ్రతుకులు రెండు ఇంగ్లీషు మాటల అర్థం మీద వ్రేలాడినవి. ఆ తీర్పు పేరు వినని సేవకులు నేటికీ ఉన్నారు. (మాటలు మార్చడంలో యాజమాన్యం కూడా తక్కువ తినలేదు. 2022లో రైల్వే గార్డును 'ట్రెయిన్ మేనేజర్' చేశారు. జీతం మాత్రం గార్డుదే.)

ఇంగ్లీషు అక్కర ఒక్క చార్జిషీటుతోనే తీరదు. 2019 మే నెలలో మదురై డివిజనులో తిరుమంగళం, కళ్ళిగుడి స్టేషన్ల మధ్య ఒకరి మాట ఒకరికి సరిగా అర్థం కాక ఒకే లైనులోకి రెండు రైళ్ళు ఎదురెదురుగా ప్రవేశించినవని వార్తలు వచ్చినవి. అదృష్టవశాత్తు ఢీకొనలేదు. మరుసటి నెలలో దక్షిణ రైల్వే, స్టేషను మాస్టర్లు కంట్రోలుతో హిందీ లేదా ఇంగ్లీషులోనే మాట్లాడాలని ఉత్తర్వు ఇచ్చి, నిరసన రాగానే ఉపసంహరించినది. స్థానిక భాషను నిషేధించడం తెలివిమాలిన పని. కాని వేరు వేరు భాషల ప్రాంతాల నుండి వచ్చిన ఇద్దరు ఉద్యోగులు అర్ధరాత్రి టెలిఫోనులో ఏ భాషలో ఒకరినొకరు నమ్మాలన్న ప్రశ్న ఉత్తర్వుతో పాటు ఉపసంహరణ కాలేదు.

ప్రమోషను సంగతి అందరూ ఎరిగినదే. మొదటి మెట్టు తెలుగులో ఎక్కినా, పైమెట్లలో నోటు వ్రాయాలి, ఫైలు చదవాలి, ఇతర రాష్ట్రాల వారితో వ్యవహరించాలి. పనిలో అందరికంటె మిన్న అయినవాడు కాగితం దగ్గర ఆగిపోవడం మనం చూస్తూనే ఉన్నాము.

ఇప్పుడు మా సంఘాల లోపలి సంగతి ఒకటి ఒప్పుకోవాలి. ఇది కొందరికి రుచించదు. అనేక శాఖలలో ఒకే సోదరుడు పదిహేనేళ్ళు, ఇరువది ఏళ్ళు కార్యదర్శిగా ఉంటున్నాడు. త్యాగశీలి కావచ్చు, సమర్థుడు కావచ్చు. కాని అతనిని మార్చలేకపోవడానికి అసలు కారణం చాలాచోట్ల ఒక్కటే: ఆ శాఖలో ఇంగ్లీషులో మెమొరాండం వ్రాయగలిగినది అతనొక్కడే. అధికారి దగ్గరకు ప్రతినిధి వర్గం పోయినప్పుడు నలుగురు కూర్చుంటారు, ఒక్కడే మాట్లాడుతాడు. మిగిలిన ముగ్గురికీ బయటకు వచ్చిన తరువాత గాని ఏమి జరిగినదో తెలియదు. అదీ ఆ ఒక్కడు చెప్పినంత మేరకే. అతడు నిజాయితీపరుడైతే మన అదృష్టం. అదృష్టం మీద నడిచే సంస్థను కార్మిక సంఘమని ఎట్లా అంటాము? 1974 మే 8న మొదలై ఇరువది రోజులు సాగిన సమ్మెలో నిలబడినవారిలో అత్యధికులు ఇంగ్లీషు రానివారే. వారి ధైర్యానికి భాష అడ్డు కాలేదు. సమ్మె తరువాత వచ్చిన కాగితాల దగ్గరనే వారు ఇతరులపై ఆధారపడవలసి వచ్చినది. మహిళా ఉద్యోగులు శాఖ పదవులకు పోటీ చేయకపోవడానికి కూడా మాకు వ్రాత రాదు అనే సంకోచమే తరచు కారణమని మా దృష్టికి వచ్చినది. కనుక ఇంగ్లీషు తరగతి అన్నది యాజమాన్యంతో పోరుకు ఎంత అవసరమో, మన సంఘాలలో ప్రజాస్వామ్యానికి అంతకంటె ఎక్కువ అవసరం.

ఎట్లా నేర్వాలి? ఈ విషయంలో బ్రూక్షాబాద్ సోదరుని జాబే మాకు దారి చూపినది. అండమాన్ దీవులలో రైలు నడవదు. మన రైల్వే సోదరులకు అది చిత్రంగా తోచవచ్చు. కాని విశాఖ నుండి సుమారు 1200 కిలోమీటర్లు సముద్రం దాటిన ఆ దీవులలో 2011 జనాభా లెక్కల ప్రకారం ప్రతి వందమందిలో పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి ఓడ ఎక్కి పోయినవారి సంతతి అందులో చాలామంది. వారికి హిందీ ఎవరు నేర్పినారు? ఏ పంతులూ నేర్పలేదు. బెంగాలీ, తమిళ, మలయాళ, తెలుగు కుటుంబాలు ఒకే వీధిలో ఉండి, ఒకే అంగడిలో బేరమాడి, ఒకే రేవులో ఓడ కోసం నిలబడి హిందీ నేర్చుకొన్నవి. తప్పులు మాట్లాడితే నవ్వేవారు లేరు, అందరివీ తప్పులే. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలో మన తెలుగువారు హిందీ, బెంగాలీ నేర్చినదీ ఆ విధంగానే.

ఇంగ్లీషుకు అటువంటి వీధి లేదు. అది ఆఫీసు గదిలో, అధికారి ఎదుట, భయంతో వినే భాష అయినది. తప్పు మాట్లాడితే నవ్వుతారని నోరు మూసుకొంటాము. నోరు మూసుకొంటే ఏ భాషా రాదు. హైదరాబాదులో 1958లోనే కేంద్ర ఇంగ్లీషు సంస్థ నెలకొన్నది, నేడది విశ్వవిద్యాలయం. ఉపాధ్యాయులకు అది చేసిన సేవ గొప్పది. కాని ట్రాకు మీది మనిషికి, సంచీ మోసే మనిషికి అంతటి సంస్థ అక్కరలేదు. వారానికి ఒక గంట, సంఘం ఆఫీసులో ఒక బల్ల, నవ్వని నలుగురు మనుషులు చాలు. ఆ బల్లనే మనం వీధి చేసుకోవాలి.

వ్యాకరణం పట్టికలతో మొదలుపెట్టవద్దు. గిరీశం వలె గొప్ప కోసం మాట్లాడే ఇంగ్లీషు మనకు వద్దు. ఎవరి జీతం స్లిప్పు వారు తెచ్చుకోండి. అందులోని ప్రతి కోతకు పేరేమిటో, ఎందుకో చదవండి. తరువాత రోస్టరు, సెలవు దరఖాస్తు, ఆ నెల వచ్చిన సర్కులరు. నియమాలలో 'షల్' అన్నచోట 'చేసి తీరవలెను' అనీ, 'మే' అన్నచోట 'చేయవచ్చును' అనీ సాధారణంగా అర్థం. ఈ రెండింటినీ వేరు చేయడం వచ్చినవాడు అధికారి బాధ్యత ఎక్కడ ముగుస్తున్నదో, దయ ఎక్కడ మొదలవుతున్నదో చెప్పగలడు. పాత శంకరనారాయణ నిఘంటువు అటక మీద ఉంటే దింపండి. మా అనుభవంలో, అర్థం తెలిసిన కాగితాన్ని రెండవసారి పైకి చదివినప్పుడే మాట నిలుస్తుంది.

నైట్ డ్యూటీ చేసి వచ్చినవారిని తరగతికి రమ్మనడం క్రూరమని మాకు తెలుసు. అందుకే ఇది సంఘం ఒంటరిగా మోయవలసిన బరువు కాదు. హిందీ నేర్పడానికి కేంద్రం ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ అనే తరగతులను ఆఫీసు గంటలలోనే నడుపుతున్నది. నిర్ణీత పరీక్షలో నెగ్గినవారికి నగదు పురస్కారం, పన్నెండు నెలల పాటు ఒక ఇంక్రిమెంటుతో సమానమైన పర్సనల్ పే ఇస్తున్నది. దానిని మేము ఆక్షేపించము. ఉద్యోగికి నియమాలను ఇంగ్లీషులో ఇచ్చి, అవి తెలియవలెనని శాసించి, తెలియకపోతే శిక్షించే యాజమాన్యం, ఆ భాషను కూడా పని గంటలలోనే నేర్పాలి. ట్రాకు సిబ్బందికీ, డాక్ సేవకులకూ మొదట నేర్పాలి. నేర్పేవరకు చార్జిషీటుతో పాటు తెలుగు అనువాదం జతపరచాలి. ఈ రెండు కోర్కెలనూ చర్చల పట్టికలో చేర్చవలసినదిగా మన సమాఖ్య కార్యవర్గాన్ని కోరుతున్నాము.

పిల్లల సంగతి కూడా ఆ సోదరుడు ప్రస్తావించారు. ఇంగ్లీషు పేరు చెప్పి ఇంట్లో తెలుగు మానిపించేవారితో మేము ఏకీభవించము. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించే ఏర్పాటు చేయవలెనని 350-ఎ అధికరణ చెబుతున్నది. దీవులలోని తెలుగువారు ఆ హక్కును గట్టిగా పట్టుకొనడమే మంచిది. తెలుగు బాగా చదివిన పిల్ల ఇంగ్లీషు త్వరగా పట్టుకొంటుంది. ఏదీ సరిగా రాని పిల్లకు మూడవది నేర్పడం ఎంత కష్టమో ఏ ఉపాధ్యాయుని అడిగినా చెబుతారు.

వచ్చే సంచిక నుండి ఈ బులెటిన్‌లో ఒక పేజీని ఇందుకు కేటాయిస్తున్నాము. నెలకు పది మాటలు, ఒక నమూనా జవాబు. మొదటి నెల మాటలన్నీ చార్జిషీటు నుండే తీసుకొంటాము. బులెటిన్ ఓడలో చేరేసరికి ఆలస్యమవుతున్నదని బ్రూక్షాబాద్ సోదరుడు ఫిర్యాదు చేశారు. తపాలా ఉద్యోగే తపాలా ఆలస్యం మీద ఫిర్యాదు చేస్తే మేమెవరికి చెప్పుకోవాలి? ఆయనకు ఆ పేజీ అచ్చు ప్రతులు ఐదు ముందుగానే విమాన తపాలాలో పంపుతాము. అవి చేరేలోగా ఆయన తమ నియామకపు ఆర్డరు బయటకు తీసి, అర్థం కాని మాటల క్రింద గీత గీసి, ఆ మాటల జాబితా మాకు వ్రాయవలెనని కోరుతున్నాము.